అరకు, పాడేరు, లంబసింగి: నాలుగు రోజుల్లో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారితో, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలతో హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు రోజులు విశాఖ మన్యం చూడాలనుకుంటున్నామని మీరు రాశారు. నవంబరు చివర రావాలా, జనవరిలో రావాలా అన్నది తేల్చుకోలేకపోతున్నామనీ, పోగు చేసుకున్న ఇరవైకి పైగా చోట్లలో ఏవి తప్పనిసరో చెప్పమనీ అడిగారు. విశాఖలో ఉంటూ చాలా ఏళ్ళుగా బంధుమిత్రులను ఈ కొండలకు తీసుకువెళ్ళి తిప్పుతున్నవాణ్ణి కనుక, ఆ అనుభవంతో వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు నా తీర్పు చెబుతాను. నవంబరు చివరి వారంలో రండి. విశాఖ నుంచి రైల్లో కొండ ఎక్కి, నర్సీపట్నం ఘాటు మీదుగా కారులో దిగండి. రెండు రాత్రులు అరకులోనూ ఒక రాత్రి పాడేరులోనూ ఉండండి. మీ జాబితాలో సగం కొట్టేయండి. ఎందుకంటే ఆ జాబితాలోని పేర్లు పటంలో పక్కపక్కనే కనిపించినా, ఘాటు రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లంటే గంట పైమాటే. పైగా ఇక్కడి చోట్లలో చాలావాటికి ఒక వేళ ఉంటుంది. తెల్లవారుజామున చూడవలసిన దాన్ని మధ్యాహ్నం చూసి, పొద్దున చూడవలసిన దాన్ని చీకటి పడ్డాక వెతుక్కుని, ఏమీ లేదని తిరిగివెళ్ళేవాళ్ళను ఏటా చూస్తున్నాను. అందుకని రోజుకు ఒక దిక్కు పెట్టుకుని, ఆ దిక్కున దారిలో వచ్చేవి మాత్రమే చూడండి.

కాలం సంగతికి వస్తాను. జలపాతాలు నిండుగా ఉండేది ఆగస్టు నుంచి అక్టోబరు వరకు, కానీ కొండచరియలు విరిగి రైళ్ళు ఆగిపోయేది కూడా ఆ నెలల్లోనే. కాఫీ తోటలు తెల్లగా పూసేది మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లులు పడ్డాక. ఆదివాసీ గ్రామాల్లో ఇటుకల పండుగ వచ్చేది చైత్రమాసంలో, పాడేరు మోదకొండమ్మ జాతర జరిగేది మే నెలలో. మీరు అనుకుంటున్న రెండు నెలల్లో జనవరికి చలి ఎక్కువ, కానీ సంక్రాంతి సెలవుల రద్దీలో గదుల ధరలు పెరిగి, ఘాటులో కార్లు బారులు తీరతాయి. నవంబరు చివర చలి చాలినంత ఉంటుంది, కాఫీ పళ్ళు ఎర్రబడి కోతలు నడుస్తుంటాయి, అన్నిటికీ మించి వలిసెలు పూతమీద ఉంటాయి. అరకు, డుంబ్రిగుడ, పాడేరు పొలాలు వాలుకు వాలు పసుపుపచ్చగా మారేది ఈ వలిసె పూల వల్లే. వలిసెలు నూనెగింజ పంట, ఆ పూత రైతుకు ఏటి రాబడి. ఫొటోలకోసం చేలో దిగేవాళ్ళు మొక్కలు తొక్కుతున్నారని కొందరు రైతులు మనిషికింత అని తీసుకుంటున్నారు, అది న్యాయమేనని నా అభిప్రాయం. ఒకే ఒక్క జాగ్రత్త ఏమిటంటే నవంబరు బంగాళాఖాతంలో తుపానుల నెల కనుక, బయలుదేరే వారంలో వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని, అవసరమైతే ప్రయాణాన్ని నాలుగు రోజులు వాయిదా వేసుకోవడానికి సిద్ధంగా ఉండండి.

మొదటి రోజు రైలుది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్ళే రైలు పొద్దున్నే బయలుదేరుతుంది కనుక ముందురోజు రాత్రికే విశాఖ చేరి పడుకోండి. కొత్తవలస దగ్గర ప్రధాన మార్గం నుంచి విడిపోయే ఈ దారిని ప్రయాణికులకోసం వేయలేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో జపాను సహకారంతో నిర్మించారు. శృంగవరపుకోట దాటి శివలింగపురం నుంచి ఎక్కుడు మొదలవుతుంది. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ దాటి అరకు చేరేలోపు సొరంగం వెనుక సొరంగం వస్తూనే ఉంటుంది. మొత్తం మార్గంలో 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. కశ్మీరులో రైలు మార్గం వచ్చేవరకు దేశంలో బ్రాడ్ గేజ్ మీద అతి ఎత్తయిన స్టేషనుగా దీనికే పేరు. 2017 నుంచి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా తగిలిస్తున్నారు. దానికి టికెట్లు దొరకడం కష్టం, దొరక్కపోతే బాధపడనక్కర్లేదు. మామూలు పెట్టెలో కిటికీ తెరుచుకుంటుంది, లోయలోంచి వచ్చే గాలి ముఖానికి తగులుతుంది. ఖనిజం బండ్లకు దారి ఇవ్వడంకోసం మన బండిని ఏ చిన్న స్టేషన్లోనో ఆపేయడం మామూలే కనుక, ఆ రోజుకు గంట లెక్కలు పెట్టుకోకండి.

అరకు దాకా వెళ్ళకుండా బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోండి. ముందుగా మాట్లాడుకున్న కారును అక్కడికే రమ్మనండి. ఇలా చేస్తే అరకు వెళ్ళి మళ్ళీ ముప్పై ఆరు కిలోమీటర్లు వెనక్కి వచ్చే పని తప్పుతుంది, పైగా పర్యాటక బస్సుల జనం చేరేలోపు గుహలో అడుగుపెడతారు.

బొర్రా మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని రంగుదీపాల గుహగానే చూసి వచ్చేస్తారు. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైటు అనే రాయి. ఇక్కడి కొండ ప్రజలైన ఖోండుల పేరు మీదుగానే 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో భూగర్భ శాస్త్రజ్ఞుడు టి.ఎల్.వాకర్ దానికి ఆ పేరు పెట్టాడు. కోణార్క దేవాలయం కట్టింది కూడా ఈ జాతి రాయితోనే. ఆ రాతి నడుమ అక్కడక్కడ సున్నపురాయి పొరలున్నాయి. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం పొంది, ఆ సున్నపురాయిని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. గుహలో చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు విడిపోయి, కరిగిన సున్నం అణువణువుగా పేరుకుపోతుంది. పైకప్పు నుంచి కిందికి దిగిన కడ్డీలూ, నేలమీంచి పైకి లేచిన దిమ్మెలూ, రెండూ కలిసిపోయిన స్తంభాలూ ఏర్పడింది ఇలాగే. చెయ్యి తగిలితే ఒంటిమీది నూనె అంటుకుని ఆ చోట సున్నం పేరుకోవడం దెబ్బతింటుంది కనుక, పిల్లలకు లోపలికి వెళ్ళేముందే చెప్పండి. శివలింగమనీ, రిషి గడ్డమనీ, మనిషి మెదడనీ మార్గదర్శి చూపించే ఆకారాలు పిల్లలకు సరదాగా ఉంటాయి. నా దృష్టిలో మాత్రం అసలు చూడవలసినవి రెండు. ఒకటి, గుహ నోటి దగ్గర నిలబడి పైకప్పు ఎత్తును చూడడం. రెండవది, లోపల పైకప్పులో ఉన్న రంధ్రం నుంచి పడే వెలుగు. మేస్తున్న ఆవు ఆ రంధ్రంలోంచి జారి పడిందనీ, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందనీ ఇక్కడి గిరిజనులు చెప్పుకుంటారు. గోస్తనీ నది పుట్టుకను కూడా ఆ ఆవుకే ముడిపెడతారు. ఈ గుహల గుండా వచ్చిన గోస్తనీ తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఈ గుహలను 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని చాలాచోట్ల చదువుతారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో కనుక ఆ వాక్యంలో ఏడాదికీ సంస్థకూ పొంతన లేదు. ఎవరు కనిపెట్టారన్న ప్రశ్నకే నా దృష్టిలో పెద్ద అర్థం లేదు, కాపరులకు గుహ తెలియకుండా ఎలా ఉంటుంది? అంతకంటే ముఖ్యమైన చరిత్ర ఈ గుహల చుట్టూ ఉన్న పల్లెలది. ఇక్కడి బొర్రా గ్రామాల్లో ప్రైవేటు వాళ్ళకు ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన దావాలోనే, 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. దేశమంతటా ఆదివాసీ భూముల వివాదాల్లో నేటికీ ప్రస్తావించే సమత తీర్పు ఇదే. దీనితో ముడిపడిన ఆచరణ విషయం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. అరకులో చవకగా ప్లాటు ఇప్పిస్తామని దారిలో ఎవరైనా కాగితం చేతిలో పెడితే మడిచి పక్కన పెట్టండి.

గుహలో మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మీ అమ్మగారు ముఖద్వారం దాటి మొదటి విశాలమైన గది వరకు నెమ్మదిగా దిగి, అక్కడే కూర్చుంటే మంచిది. ఆ గది చూస్తే సగం గుహ చూసినట్టే. దగ్గరలోని కటికి జలపాతానికి జీపులో ఒళ్ళు హూనం చేసే రాళ్ళ దారిలో వెళ్ళి, ఆ పైన నడవాలి. మీ జాబితాలో దాన్ని కొట్టేయండి.

బొర్రా నుంచి పైకి వచ్చి అరకు రోడ్డు ఎక్కాక అనంతగిరి కాఫీ తోటలు తగులుతాయి. ఆంధ్ర కొండల్లో కాఫీని తెల్లదొరలు 19వ శతాబ్దం చివర గోదావరి మన్యంలో నాటి చూశారు. విశాఖ మన్యంలో అది విస్తరించింది మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక, అటవీ శాఖ తోటలతోనూ, తర్వాత పోడు వ్యవసాయానికి బదులుగా గిరిజన కుటుంబాలకు ఎకరమో రెండెకరాలో కాఫీ వేయించిన పథకాలతోనూ. కర్ణాటకలోని పెద్ద ఎస్టేట్లను తలచుకుని వచ్చేవాళ్ళకు ఇక్కడి తోట అడవిలాగే కనిపిస్తుంది. పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, కింద మనిషి ఎత్తున కాఫీ మొక్కలు, వాటి యజమాని పక్క ఊళ్ళోని గిరిజన రైతు. ఆ చెట్ల నీడే గింజ నెమ్మదిగా పండడానికి కారణమని కాఫీ తెలిసినవాళ్ళు చెబుతారు. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే అరకు పేరుతో పారిస్‌లో కాఫీ దుకాణం తెరిచారు. నవంబరు చివర తోటల పక్కన పళ్ళు కోసేవాళ్ళు కనిపిస్తారు. ఆగి, అడిగి, ఒక ఎర్రని పండు నలిపి పిల్లలకు లోపలి జిగురునూ రెండు గింజలనూ చూపించండి, తీపిగా ఉండే ఆ జిగురును వాళ్ళు రుచి కూడా చూడవచ్చు. అడగకుండా మాత్రం కోయవద్దు. ఆ పైన గాలికొండ దగ్గర ఆగితే ఎక్కివచ్చిన లోయ మొత్తం కాళ్ళ కింద పరుచుకుంటుంది. చీకటి పడేలోపు అరకు చేరండి, సాయంత్రం మంచు దిగాక ఆ మలుపుల్లో ఎదుటి బండి దీపాలు దగ్గరికి వచ్చేదాకా కనబడవు.

రెండవ రోజు అరకు. ఈ ఊరు గురించి నిజం చెప్పాలంటే, అరకు పట్నంలో చూడవలసింది తక్కువ, అరకు చుట్టూ చూడవలసింది ఎక్కువ. పద్మాపురం తోటను రెండవ ప్రపంచ యుద్ధం నాటి సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టారు. ఇప్పుడు పిల్లల రైలు, గులాబీలు, చెట్లమీద గుడిసెలు ఉన్నాయి, అరగంట చాలు. గిరిజన మ్యూజియానికి మాత్రం ఒక పూట కేటాయించండి. మట్టి ఇళ్ళ నమూనాలు, వేట పనిముట్లు, నగలు, గదబ స్త్రీలు చెట్టునార నూలుతో మగ్గం మీద నేసుకునే చారల చీర, ఇవన్నీ చూశాక బయట సంతలో ఎదురయ్యే మనుషులను చూసే చూపు మారుతుంది. ఈ కొండల్లో ఉన్నవాళ్ళందరినీ కలిపి గిరిజనులని ఒక్క మాటతో అనేస్తాం గాని భగత, కొండదొర, వాల్మీకి, కొటియ, పోర్జ, గదబ, ఖోండు ఇలా తెగలు వేరు, పూజలు వేరు, కొందరికి ఇంటి భాష కువి, చాలామందికి బజారు భాష ఆదివాసీ ఒడియా.

థింసా సంగతి చాలామంది అడుగుతారు. సాయంత్రం పర్యాటక శాఖ రిసార్టులో ఆడే థింసా చూడవచ్చు, తప్పులేదు. కానీ ఆ నాట్యం అక్కడికోసం పుట్టింది కాదు. చైత్రమాసపు పండుగలో, పెళ్ళిళ్ళలో, ఒక ఊరివాళ్ళు పక్క ఊరికి వెళ్ళినప్పుడు రాత్రంతా ఆడేది. స్త్రీలు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పట్టుకుని, ఒకే అడుగుగా పాములా మెలికలు తిరుగుతూ వెళ్తుంటే మగవాళ్ళు తుడుం, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వాయిస్తారు. ఇందులో బోడ థింసా గ్రామదేవత పూజకు సంబంధించినది, గుండేరి థింసాకు అడుగులు వేరు, కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఊగుతారు. మీరు చూసేటప్పుడు ఇది ఏ థింసా అని అడగండి. ఆడేవాళ్ళ ముఖంలో సంతోషం కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. డబ్బు మధ్యవర్తికి కాకుండా బృందం చేతికే ఇవ్వండి.

ఆ రోజుకు దగ్గరలో ఎక్కడ వారపు సంత ఉందో బస చేసినచోట ముందురోజే అడిగి తెలుసుకుని, పొద్దున తొమ్మిదికల్లా అక్కడ ఉండండి. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే అరకు ప్రాంతంలో అన్నిటికంటే ముందు సంతనే ఎంచుకుంటాను. కావిళ్ళతో, తలమీద గంపలతో కొండలు దిగి వచ్చిన వాళ్ళ దగ్గర పసుపు, అల్లం, పిప్పళ్ళు, రాజ్మా, చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, సామలు, చోళ్ళు ఉంటాయి. తిరిగి వెళ్ళేటప్పుడు వాళ్ళు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, అల్యూమినియం గిన్నెలు కొనుక్కుంటారు. అడిగిన ధర ఇచ్చి కొనండి, నగరంలో మనం కొనే ధరతో పోలిస్తే అది ఎలాగూ తక్కువే. తేనె మాత్రం దారిపక్క సీసాల్లో కొనకుండా గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. 1956లో ఏర్పడిన ఆ సంస్థే ఇక్కడి అటవీ ఫలసాయాన్ని గిరిజనుల నుంచి కొంటుంది. మనుషులను ఫొటో తీసేముందు అడగాలని చెప్పనవసరం లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

బొంగు చికెన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద కాల్చే వంట ఇది. నూనె పోయరు, మాంసంలోని తేమా బొంగులోని తేమా సరిపోతాయి. మీ కళ్ళముందే కూరి కాల్చేచోట మాత్రమే తినండి, బాగా ఉడికేందుకు ముప్పావుగంట పడుతుంది. ముందే కాల్చిపెట్టి మళ్ళీ వేడిచేసేవాటిలో ఆ తేమ ఉండదు.

మూడవ రోజు పొద్దున్నే అరకు ఖాళీ చేసి పాడేరు దారి పట్టండి. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి వస్తుంది. నున్నని పలకరాతి మీదుగా ఏరు జారిపోయే చోటు, చూడ్డానికి ఏ ప్రమాదమూ కనిపించదు, అదే దాని ప్రమాదం. నాచు పట్టిన చోట కాలు నిలవదు, పలక చివర లోతైన మడుగులున్నాయి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పిల్లలను చీలమండలు తడిసే చోటు దాటనివ్వకండి. అక్కడి నుంచి హుకుంపేట మీదుగా వెళ్తూ మత్స్యగుండానికి పక్కకు తిరగండి. రాళ్ళ మధ్య మడుగులో గుంపులుగా చేపలుంటాయి. శివుడి చేపలని వాటినెవరూ పట్టరు, బొరుగులు వేస్తారు. శివరాత్రికి ఇక్కడ జాతర. ఆ నీరు మాచ్‌ఖండ్ నదిది. బొర్రాలో చూసిన గోస్తనీ తూర్పుకు దిగి భీమిలి చేరితే, ఈ నీరు ఒడిశా సరిహద్దు వెంట వెళ్ళి, సీలేరుగా మారి, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. పక్కపక్క కొండల మీద పడిన వాన ఇంత దూరంగా విడిపోవడం పిల్లలకు పటం పెట్టి చూపించదగిన సంగతి. ఇదే నది మీద దిగువన డుడుమ జలపాతం ఉంది, 150 మీటర్లకు పైగా ఎత్తు. మీ జాబితాలో దాన్ని చూశాను. అది ఒడిశా వైపు చాలా దూరం, పైగా 1955లో మొదలైన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రానికి నీటిని మళ్ళిస్తారు కనుక వానాకాలం దాటాక ధార పలచబడుతుంది. నాలుగు రోజుల ప్రయాణంలో దానికి చోటు లేదు.

మధ్యాహ్నానికి పాడేరు చేరతారు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇదే కేంద్రం. మోదకొండమ్మ గుడి చూసి, ఆ పూట విశ్రాంతి తీసుకుని, పెందలాడే పడుకోండి. ఎందుకంటే మరునాడు మీరూ పిల్లలూ మూడున్నరకు లేవాలి.

వంజంగి మేఘాల కొండ పాడేరుకు దగ్గరే. చలికాలపు రాత్రుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడిని త్వరగా వదిలేస్తుంది, చల్లబడిన బరువైన గాలి వాలుల వెంట జారి లోయల్లో నిలుస్తుంది, దానిలోని తేమ మంచుగా మారుతుంది. పైన కొంచెం వెచ్చని గాలి మూతలా ఉండడంవల్ల ఆ మంచు లేచిపోదు. కాబట్టి కొండమీద నిలబడ్డవాళ్ళకు తమకంటే కింద తెల్లని సముద్రం, అందులోంచి తేలిన కొండకొమ్ములు కనిపిస్తాయి. సూర్యుడు కాస్త పైకి వచ్చి నేల వేడెక్కగానే అది చెదిరిపోతుంది. అందుకే ఎనిమిదికి వెళ్ళినవాళ్ళకు కొండ కనిపిస్తుంది గాని మేఘాలు కనిపించవు. ముందురోజు వాన పడి, రాత్రి మబ్బు విడిపోతే మంచు బాగా పట్టే అవకాశం ఎక్కువ. మబ్బు కమ్మిన రాత్రి అయితే లేవకుండా పడుకోండి, నష్టం లేదు. వాహనం ఆగాక చీకట్లో రాళ్ళ దారిలో ఎక్కాలి కనుక టార్చిలైటు, పట్టున్న చెప్పులు కావాలి. మీ అమ్మగారిని గదిలోనే ఉండనివ్వండి. శనాదివారాల్లో ఆ కొండ మీద తిరునాళ్ళలా ఉంటుంది, మీ ప్రయాణంలో ఈ ఉదయం మామూలు రోజున పడేలా తేదీలు చూసుకోండి. తినే వస్తువుల కవర్లు అక్కడ పడేయకుండా వెనక్కి తెచ్చుకోండి. తూర్పు కనుమల్లో అత్యంత ఎత్తయిన శిఖరాల్లో ఒకటిగా చెప్పే అర్మకొండ, సుమారు 1,680 మీటర్లు, ఈ చుట్టుపక్కలదే. అది కొండలెక్కే అలవాటున్నవాళ్ళకు, కుటుంబంతో కాదు.

తిరిగివచ్చి ఫలహారం చేశాక, గూడెం మన్యం వైపు, అంటే జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం దారిలో బయలుదేరండి. జి.మాడుగుల మండలంలోని కొత్తపల్లి జలపాతం మీకు నేను సిఫారసు చేసే ఒకే ఒక్క జలపాతం, నవంబరులో నీరుంటుంది, కుటుంబాలతో వెళ్ళదగినది. అక్కడ కూడా అమ్మగారు పైనే ఆగి చూడడం మేలు.

లంబసింగికి తెల్లవారకముందే చేరకపోతే వెళ్ళి ప్రయోజనం లేదని అందరూ అంటారు. చలికి సంబంధించినంతవరకు అది నిజమే. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కొండల మధ్య పళ్ళెంలాంటి చోటులో ఉంది. వంజంగికి చెప్పిన కారణమే ఇక్కడా పనిచేస్తుంది, చల్లగాలి దిగి నిలిచిపోతుంది. పత్రికల్లో వచ్చే అతి తక్కువ ఉష్ణోగ్రతలు తరచుగా పక్కనున్న చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలో నమోదైనవి. గడ్డి మీద మంచుబిందువులు గడ్డకట్టే రోజులున్నాయి, హిమపాతం మాత్రం ఇక్కడ కురవదు, ఆంధ్రా కశ్మీరమనే పేరు చూసి పిల్లలకు ఆశ పెట్టకండి. వంజంగిలో తెల్లవారుజాము గడిపాక, లంబసింగిని పగలు చూడడంలో నష్టం లేదు. నేను మిమ్మల్ని ఆ దారిన రమ్మంటున్నది చలికోసం కాదు, ఆ దారికోసం.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయడానికి గిరిజనులను బలవంతంగా పనికి దింపి, సరిగా కూలి ఇవ్వకుండా వేధించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద రగిలిన కోపం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ముఖ్యకారణాల్లో ఒకటి. అడవిలో పోడు చేసుకోవడం మీద, పశువులు మేపడం మీద పెట్టిన ఆంక్షలు దానికి తోడయ్యాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, మరునాడు కృష్ణదేవిపేట మీద, ఆ మరునాడు రాజవొమ్మంగి మీద రాజు దళం దాడి చేసి తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మాటువేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులను చంపింది. 1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపేవరకు ఈ పోరు సాగింది. గాము గంటందొర, మల్లుదొర సోదరులు ఆ దళంలో ముఖ్యులు. చింతపల్లిలో ఆగి పిల్లలకు ఈ మూడు తేదీలు చెప్పి, అక్కడి నుంచి ఘాటు దిగుతూ ఆ మలుపులనూ, రెండువైపులా మూసుకువచ్చే చెట్లనూ చూపించండి. ఇంత తక్కువ మంది అంత పెద్ద పోలీసు బలగాన్ని రెండేళ్ళు ఎలా నిలువరించారో పుస్తకం కంటే ఆ ఘాటు బాగా చెబుతుంది. సమయం మిగిలితే నర్సీపట్నం నుంచి పక్కకు వెళ్ళి కృష్ణదేవిపేటలో రాజు సమాధి చూడవచ్చు. లంబసింగి దగ్గర తాజంగి జలాశయం, స్ట్రాబెర్రీ తోటలు ఉన్నాయి, పండ్లు జనవరి, ఫిబ్రవరిలో బాగా వస్తాయి కనుక నవంబరులో వాటికోసం ఆగనక్కర్లేదు.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తంగా రాస్తాను. ఘాటు రోడ్లు తెలిసిన విశాఖ లేదా అరకు డ్రైవరునే పెట్టుకోండి. చింతపల్లి దారిలో ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు కనుక పటం ముందే దింపుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి. ఇది మలేరియా ఉండే ప్రాంతం, సాయంత్రం పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని, దోమల మందు రాసుకోండి, తిరిగి వెళ్ళాక కొన్ని వారాలకైనా, నెలలకైనా జ్వరం వస్తే డాక్టరుకు మన్యం వెళ్ళివచ్చామని చెప్పండి. గంజాయి రవాణా మీద నిఘా ఉండడంవల్ల చెక్‌పోస్టుల్లో డిక్కీ తెరిపిస్తారు. సహకరించండి, దారిలో ఎవరైనా నర్సీపట్నంలో ఇచ్చేయమని సంచి ఇస్తే ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోకండి. చలికి ఒక్క మందపాటి కోటు కంటే రెండు మూడు పలచని పొరలు నయం, మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది.

నర్సీపట్నం చేరాక మళ్ళీ విశాఖ వెళ్ళకండి. అక్కడి నుంచి తుని దగ్గర. హైదరాబాదు వెళ్ళే రాత్రి రైళ్ళలో చాలావాటికి తునిలోనో అనకాపల్లిలోనో ఆగుదల ఉంది. మీకు దొరికిన బండి ఏ స్టేషన్లో ఆగుతుందో చూసుకుని, టికెట్టు ఆ స్టేషను నుంచే తీసుకుని, కారును అక్కడే వదిలేసేలా డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి.